నీళ్ళు తక్కువ, ఆయకట్టు ఎక్కువ

తెలుగు పాఠాన్ని పీడీఎఫ్‌గా మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందనుకుందాం. రాసినాయనది కర్నూలు, ఉద్యోగం బెంగళూరులో. వారమంతా కంపెనీ పని. శనివారం రాత్రి అన్నం తిన్నాక ఓ రెండు గంటలు దీని ముందు కూర్చుంటాడు. ఇందుకు ఎవరూ జీతమివ్వరు. కోడ్ మొత్తం గిట్‌హబ్‌లో, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ కోడ్‌ని పెట్టి పంచుకునే సైట్‌లో, అందరికీ కనిపించేలా పెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, తప్పు పట్టొచ్చు, సరిచేసి పంపొచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. ఈమధ్య ఒక బగ్, అంటే ప్రోగ్రాములో తప్పు, బయటపడింది. ‘స్త్రీ’ అనే మాట వరుస చివర పడితే విరిగిపోతోంది. సగం పై వరుసలో, సగం కింది వరుసలో. కంటికి ఒక్క అక్షరమే గానీ కంప్యూటర్‌కి అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, మళ్ళీ పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. ఎక్కడ కోయకూడదో ప్రోగ్రాముకి తెలియకపోతే మధ్యలో కోసేస్తుంది.

ఆ శనివారం ఆయన పేజీ తెరిచేసరికి ముగ్గురి వ్యాఖ్యలున్నాయి.

మొదటాయన: “ఎవడయ్యా ఈ చెత్త రాసింది? 212వ లైన్లో లెక్క ఒకటి తక్కువొచ్చింది, చూసుకోండి. ఒత్తు కింద ఇంకో ఒత్తు ఉంటే రెండోదాన్ని వదిలేస్తోంది.”

రెండో ఆయన: “బ్రో, మూడు వారాలైంది. సోమవారం మా ప్రాజెక్ట్ రివ్యూ. ఇంకా ఫిక్స్ చేయకపోతే ఎలా? మెయింటైన్ చేయలేనప్పుడు జనంలో పెట్టడం ఎందుకు?”

మూడో ఆయన: “చాలా మంచి ప్రయత్నమండి, అభినందనలు. చిన్న సందేహం. దీన్ని పైథాన్ భాషలోనే ఎందుకు రాశారు? తెలుసుకుందామని అడుగుతున్నానండి, అంతే.” దీనికి జవాబు పోయిన వారమే ఇచ్చాడు. దాని కింద మళ్ళీ: “వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలండి. మరి వేగం సంగతి ఆలోచించారా? ఆధారాలేమైనా ఉన్నాయా?” దానికీ జవాబిచ్చాడు. దాని కింద ఇంకోటి. ఇప్పటికి పద్నాలుగు ప్రశ్నలు, పద్నాలుగింటి చివరా ‘అండి’.

వీళ్ళలో ట్రోల్ ఎవరని అడిగితే చాలామంది వేలు మొదటాయన మీదికే పోతుంది. నోరు పారేసుకుంది ఆయనే మరి. కానీ లెక్క వేసి చూస్తే ఆయన రెండు ముక్కల్లో బగ్ ఎక్కడుందో చెప్పి, గంట పని మిగిల్చాడు. మూడో ఆయన ఒక్క తిట్టు తిట్టకుండా రెండు శనివారాలు తినేశాడు. ఆయనకి పైథాన్ గురించి తెలుసుకోవాలని లేదు. ఎదుటి మనిషి జవాబిస్తూనే ఉండాలి, అదే ఆయనకి కావలసింది. ఇలాంటి ‘అండి’ గొడవకి ఇంగ్లీషులో సీలయనింగ్ అని పేరు కూడా పెట్టారు.

సాఫ్ట్‌వేర్ చర్చల్లో మర్యాద గురించి మాట్లాడేటప్పుడు జరిగే పొరపాటు చాలావరకు ఇక్కడే ఉంది. గొంతు చూసి మనిషిని అంచనా వేస్తాం. చూడవలసింది ఆ వ్యాఖ్య వల్ల ఎవరి టైమ్ ఎంత ఖర్చయింది, బదులుగా పనికొచ్చేది ఏమైనా వచ్చిందా అన్నది. మాట కరుకుదనానికీ ఖర్చు ఉంది, దాని సంగతి తర్వాత.

‘ట్రోల్’ అనే మాటకి తెలుగులో అర్థం కొంచెం జరిగిపోయింది. మన దగ్గర ట్రోల్ చేయడమంటే హీరో మీదో నాయకుడి మీదో మీమ్స్ వేసి ఆడుకోవడం. ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటే, పడవ వెనక గాలం కట్టి నీళ్ళలో ఈడ్చుకుంటూ పోవడం. 1990ల మొదట్లో యూజ్‌నెట్ అనే తొలితరం ఆన్‌లైన్ చర్చల్లో ఈ మాట వాడుకలోకి వచ్చింది. అరిగిపోయిన ప్రశ్న ఒకటి అమాయకంగా వేస్తారు. పాతవాళ్ళకి విషయం తెలుసు కాబట్టి నవ్వుకుని ఊరుకుంటారు, కొత్తవాళ్ళు ఎగబడి జవాబులిస్తారు. గాలానికి పడ్డ చేప అన్నమాట. మనకు దీనికి ఎప్పటినుంచో సొంత మాట ఉంది: గిల్లికజ్జా. గిల్లేవాడికి కావలసింది గొడవే, దాని విషయం ఏదైనా ఒకటే.

గిల్లడానికి తెలుగు అక్షరాన్నే వాడుకున్న సందర్భం కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ని ఒక ప్రత్యేక పద్ధతిలో, మధ్యలో కనిపించని సంకేతం చేర్చి రాస్తే, అది తెరమీదికి రాగానే ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. బగ్ కనిపెట్టినవాళ్ళు యాపిల్‌కి చెప్పారు. వార్త పాకగానే మిగతా లోకం ఆ అక్షరాన్ని సరదాకి ఒకరికొకరు పంపుకోవడం మొదలుపెట్టింది. ఆ నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో అది ఆగింది. అక్షరం ఒకటే, సంకేతాలూ అవే. కనిపెట్టి చెప్పినవాడిది బగ్ రిపోర్ట్, అదే పనిగా పంపినవాడిది ట్రోలింగ్.

ఇక మాట కరుకుదనం సంగతి. ఈ విషయంలో అందరూ ఎత్తే పేరు లైనస్ టోర్వాల్డ్స్. 1991లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని రాయడం మొదలుపెట్టిన మనిషి. నాసిరకం కోడ్ పంపినవాళ్ళని బహిరంగంగా, ఒక్కోసారి బూతులతో కడిగేయడంలో ఆయనకు ఆయనే సాటి. ‘అందుకే కెర్నల్ అంత గట్టిగా ఉంది’ అని వెనకేసుకొచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2018 సెప్టెంబర్‌లో ఆయనే తన ప్రవర్తనకి క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. కెర్నల్ 4.19 వెర్షన్ విడుదల పని తోటి డెవలపర్ గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ చేతిలో పెట్టాడు. అదే నెలలో ప్రాజెక్టుకి కొత్త నడవడి నియమావళి వచ్చింది. కోరలైన్ ఏడా ఎమ్కీ 2014లో రూపొందించిన కంట్రిబ్యూటర్ కవనెంట్ అనే నమూనా నియమావళి దానికి ఆధారం. అక్టోబర్‌లో ఆయన తిరిగొచ్చాడు. కెర్నల్ నాణ్యత పడిపోలేదు, విడుదలలు ఆగలేదు. తిట్టకపోతే నాణ్యత ఉండదన్న వాదనకి ఇది చాలు.

తిట్ల ఖర్చు లెక్కకి అందదు, అదే చిక్కు. తిట్టు తిని నిలబడి పెద్ద డెవలపర్ అయినవాడు కళ్ళెదుట కనిపిస్తాడు, ‘నన్ను తిట్టారు కాబట్టే నేర్చుకున్నాను’ అంటాడు. మొదటి ప్యాచ్‌కే, అంటే కోడ్‌కి పంపిన మొదటి సవరణకే, తిట్టు తిని ల్యాప్‌టాప్ మూసేసిన అమ్మాయి ఎక్కడా కనిపించదు. ఆమె ఫిర్యాదు రాయదు, వాదించదు, ఊరికే వెళ్ళిపోతుంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో అనంతపురం జేఎన్‌టీయూలోనో చదివే పిల్లకి ఇంట్లో ఇంగ్లీషు ఉండదు, చుట్టూ ఓపెన్ సోర్స్‌లో పనిచేసే మనిషి ఒక్కరూ ఉండరు. అలాంటి పిల్ల మొదటి ప్యాచ్ పంపడానికి ఎన్నిసార్లు ధైర్యం కూడగట్టుకుని ఉంటుందో అవతలివాడికి తెలిసే వీలు లేదు.

ఇందులో భాషదీ ఒక వాటా ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సీమలో ‘ఏమప్పా, ఇట్లెందుకు చేసినావు?’ అంటే అడగడమే. గొంతులో చనువుంటుంది, పక్కన మనిషి ఉంటాడు, మధ్యలో టీ గ్లాసు ఉంటుంది. అదే ముక్క ‘వై డిడ్ యూ డూ దిస్’ అని తెరమీద పడితే నిలదీసినట్టుంటుంది. తెలుగులో గౌరవం క్రియ చివర వేలాడుతుంది: చూడు, చూడండి. ఇంగ్లీషులో ఆ కొస లేదు. ‘ఒకసారి చూడండి’ అని మనసులో అనుకుని ‘చెక్ ఇట్ వన్స్’ అని రాస్తాం. అవతల జర్మనీలో ఉన్నాయనకి అది ఆజ్ఞలా వినబడుతుంది. ‘డూ వన్ థింగ్’ సంగతీ అంతే. మన చెవికి ‘ఒక పని చేయండి’ అన్న సలహా, ఆయన చెవికి పై అధికారి హుకుం. గొడవ పెట్టుకునే ఉద్దేశం ఇద్దరికీ లేకుండానే గొడవ మొదలైపోతుంది.

తెలుగులోనే జరిగే చర్చల్లో ఇంకో సూచిక ఉంది. మొదటి పది మెసేజ్‌లు ‘మీరు’తో నడుస్తాయి. ఎక్కడో ఒకచోట ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అవుతుంది. అక్కడినుంచి కోడ్ ఊసు ఉండదు. గ్రూపు నడిపేవాళ్ళు బూతుల కోసం ఫిల్టర్లు పెట్టుకుంటారు గానీ, ఈ ‘మీరు’ జారిన చోటుని గమనిస్తే ఇంకో నాలుగు మెసేజ్‌లు ముందే చెయ్యి అడ్డం పెట్టొచ్చు. సీమ యాసలో రాసినవాణ్ణి ‘బాంబులేస్తావా అన్నా’ అని గిల్లేవాళ్ళకైతే ఆ సూచిక కూడా అక్కర్లేదు. సినిమాలు అంటించిన ముద్ర అది. దానికి జవాబివ్వడమే దండగ, తీసేస్తే సరి.

ఇప్పుడు రెండో ఆయన దగ్గరికి, అంటే సోమవారం రివ్యూ ఉన్న బ్రో దగ్గరికి రావాలి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు గిట్‌హబ్‌లో చెడిపోయిన చర్చలు 100 ఏరి పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. అక్కడ ఎక్కువగా కనిపించింది సోషల్ మీడియాలో ఉండే రకం ద్వేషం కాదు. ఉచితంగా వాడుకునేవాళ్ళు హక్కున్నట్టు చేసే దబాయింపు, సాంకేతిక విషయాల మీద భేదం వచ్చి తిట్టుకోవడం, ఈ రెండే ముందున్నాయి. తిట్టేవాళ్ళలో ప్రాజెక్టు లోపలివాళ్ళూ ఉన్నారని కూడా తేలింది. బ్రో ఒక్కడే అయితే ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. వాడేవాళ్ళు లక్షల్లో ఉండి, రాసేవాడు ఒక్కడే అయినప్పుడు బ్రోలు రోజుకి నలుగురొస్తారు.

ఈ పరిస్థితికి కడప జిల్లాలో 650 ఏళ్ళ కిందటే పేరు పెట్టారు. పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు అది. రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలేవో, ఉండకూడని ఆరు దోషాలేవో సంస్కృతంలో రాతి మీద చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి: నీళ్ళు కొంచెం, తడపాల్సిన నేల విస్తారం. ఇంకోటి: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చాలావాటికి ఈ రెండు దోషాలూ ఉన్నాయి. శనివారం రాత్రి రెండు గంటలు నీళ్ళు, ప్రపంచమంతా ఆయకట్టు. ఎవరి మాట చెల్లుతుందో రాసిపెట్టి ఉండదు కాబట్టి ప్రతి గొడవా సరిహద్దు గొడవే అవుతుంది.

2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే సాఫ్ట్‌వేర్ భాగంలో భద్రతా లోపం బయటపడినప్పుడు ఇది అందరికీ కనిపించింది. పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లు చాలావాటిలో ఉన్న ఆ చిన్న భాగాన్ని చూసుకునేది కొద్దిమంది వాలంటీర్లు. వాళ్ళు నిద్రలు మానుకుని సరిచేస్తుంటే బయటినుంచి తిట్లు కురిశాయి. 2020 జనవరిలో రస్ట్ భాషలో వెబ్‌సైట్లు కట్టుకోవడానికి వాడే యాక్టిక్స్-వెబ్ అనే సాఫ్ట్‌వేర్‌ని నడిపే మనిషి విమర్శలతో విసిగి, ఇక చాలని తప్పుకున్నాడు. పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ 2018 జులైలో నాయకత్వం వదులుకున్నది కూడా ఇలాంటి అలసటతోనే. ‘:=’ అన్న రెండు గుర్తుల కొత్త ఆపరేటర్ చేర్చాలా వద్దా అన్న చర్చ అది. అక్కడ వాదించినవాళ్ళలో ఎక్కువమంది మర్యాదస్తులే. ఒక్కొక్కరూ ఒక్క మాటే అన్నారు, కాకపోతే వందలమంది అన్నారు.

అయితే వీటన్నిటికంటే ఎక్కువసేపు ఆగి చూడాల్సింది ఎక్స్‌జెడ్ కథ. మర్యాద అంటే బూతుల్లేకపోవడమే అనుకునేవాళ్ళకి ఇంతకంటే గట్టి జవాబు దొరకదు.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్. లినక్స్ ఉన్న దాదాపు ప్రతి చోటా ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని చూసుకున్నది లాసే కాలిన్ అనే ఫిన్లాండ్ మనిషి. జీతం లేదు, తోడు లేదు. 2021 చివర్లో జియా టాన్ అన్న పేరుతో ఎవరో చిన్న చిన్న ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. పని శుభ్రం, మాట మెత్తన. 2022 ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఇంకో రెండు పేర్లు దిగాయి: జిగర్ కుమార్, డెనిస్ ఎన్స్. ప్యాచ్‌లు నెలల తరబడి మూలుగుతున్నాయని ఒకరు సణిగారు. కొత్త మెయింటెయినర్ (ప్రాజెక్టుని చూసుకునే మనిషి) వస్తే తప్ప ఇది ముందుకి కదలదని, ఇప్పుడున్నాయనకి ఆసక్తి పోయిందని అదే గొంతు. ప్రాజెక్టుని ఇంకెవరికైనా అప్పగించకూడదా అని రెండో గొంతు. కాలిన్ చాలా ఓర్పుగా జవాబిచ్చాడు: ఆసక్తి పోలేదు, చాలాకాలంగా ఉన్న మానసిక ఆరోగ్య సమస్యల వల్ల ఎక్కువ చేయలేకపోతున్నాను, ఇది డబ్బుల్లేని సరదా పని అని కూడా గుర్తుంచుకోండి అని. ఆ జవాబుకి కూడా జాలి రాలేదు. ‘మీ ఆరోగ్యం సంగతి విచారకరమే, కానీ మీ పరిమితులు మీరు తెలుసుకోవాలి’ అన్న ధోరణిలో ఒత్తిడి సాగింది.

చివరికి జియా టాన్‌కి ప్రాజెక్టులో అధికారం దక్కింది. మెత్తగా మాట్లాడేవాడు, పని చేసేవాడు, సాయానికి వచ్చినవాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఒకటి దాగి ఉంది. సర్వర్లలోకి బయటినుంచి చొరబడటానికి అది చాలు. మార్చి 29న మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని బయటపెట్టాడు. దూరంలోని సర్వర్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటని తీగ లాగితే డొంక కదిలింది. జిగర్, డెనిస్ అన్న ఖాతాలు ఆ తర్వాత ఎక్కడా పలకలేదు. జియా టాన్ ఎవరో తేలలేదు. ఈ మొత్తం నాటకంలో ఒక్క బూతు మాట లేదు. ఏ నియమావళిని పట్టుకుని చూసినా ఆ వ్యాఖ్యలు పాసైపోతాయి. అనంతపురం వైపు చెరువు నీళ్ళు వంతులేసి పంచేవాణ్ణి నీరుగంటి అంటారు. తూము తాళం ఆయన దగ్గరే ఉంటుంది. అలసిపోయిన నీరుగంటి చుట్టూ ముగ్గురు చేరి, ఇద్దరు ‘మీవల్ల కావడం లేదు’ అని రోజూ నస పెడుతుంటే, మూడోవాడు ‘ఇటివ్వండి, నేను చూసుకుంటాను’ అన్నట్టుంది ఇది.

మన చేతులూ శుభ్రంగా లేవు. 2020 అక్టోబర్‌లో డిజిటల్ ఓషన్ కంపెనీ నడిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పండగలో నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే ‘నా మార్పు చేర్చుకోండి’ అన్న అభ్యర్థనలు, పంపితే టీషర్ట్ ఇస్తామన్నారు. అది ఎలా కొట్టేయాలో చూపించే వీడియోలు యూట్యూబ్‌లో తిరిగాయి. రీడ్‌మీ అనే పరిచయం ఫైల్లో ఒక మాట మార్చి పంపే రిక్వెస్టులు ఊరూపేరూ లేని ప్రాజెక్టుల దగ్గర్నుంచి పెద్దవాటి దాకా ముంచెత్తాయి. మూడో రోజుకల్లా నిర్వాహకులు నియమం మార్చారు, ఒప్పుకున్న ప్రాజెక్టులకే ఇది వర్తిస్తుందని. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకీ ఇదే జరిగింది. మన దేశపు వీడియో పాఠం ఒకదాంట్లో పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో ఆ ప్రాజెక్టు మీద చూపించారు. పాఠం చూసినవాళ్ళు చూసినట్టు అక్కడే తమ పేరు చేర్చి పంపారు. ఆ పిల్లల్లో ఒక్కడికీ ఎవరినీ ఏడిపించాలన్న ఉద్దేశం లేదు. ప్లేస్‌మెంట్లకి గిట్‌హబ్‌లో పచ్చ గళ్ళు (పని చేసిన రోజుకి గుర్తుగా పడేవి) నిండాలని కాలేజీలో చెప్పారు, నింపారు. అవతలివైపు కూర్చున్న మెయింటెయినర్‌కి మాత్రం తేడా తెలియదు. ట్రోల్ తిన్న గంటా గంటే, టీషర్ట్ పిల్లవాడు తిన్న గంటా గంటే.

ఇప్పుడు ఏఐ వచ్చాక ఈ రకం ఇంకా ముదిరింది. ఇంటర్నెట్‌లో డేటా తెచ్చి, పంపే కర్ల్ అనే సాఫ్ట్‌వేర్‌ని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 జనవరి నుంచే మొత్తుకుంటున్నాడు. చాట్‌బాట్ రాసిచ్చిన భద్రతా లోపాల రిపోర్టులు వస్తున్నాయి. ఇంగ్లీషు మచ్చలేనిది, మర్యాద పొంగిపొర్లుతుంది, లోపమే ఉండదు. లేదని తేల్చడానికి మాత్రం మనిషి గంటలకొద్దీ చదవాలి.

మరి ఏం చేస్తే పనవుతుంది? ‘ట్రోల్‌కి మేత వేయొద్దు’ అన్నది పాత సలహా. సగం నిజం. మూడో ఆయనలాంటి వాడికి మౌనమే మందు. అదే, కొత్తగా వచ్చిన అమ్మాయి మీద ఎవడో నోరు పారేసుకుంటే, అక్కడ అందరూ మౌనంగా ఉంటే, ఆమెకి ఆ మౌనం ఒప్పుకోలుగా వినబడుతుంది. అక్కడ ఎవరో ఒకరు ఒక్క ముక్క రాయాలి, పొట్టిగా, పదిమందికీ కనిపించేలా: ‘ఇక్కడ ఇలా మాట్లాడం. ప్యాచ్ సంగతికొస్తే...’ అని. ఆ ముక్క ట్రోల్‌ని మార్చదు. చదివే మూడో మనిషి కోసం అది. తిట్టు తిన్న మనిషే ఆ పని చేయాల్సి రాకూడదన్నది ఇందులో ముఖ్యం. దెబ్బ తిన్నవాడే తీర్పు చెబితే ఎంత న్యాయంగా చెప్పినా కక్షలాగే కనిపిస్తుంది.

సాధనాలు లేకపోలేదు. 2016 జనవరిలో కొందరు మెయింటెయినర్లు కలిసి గిట్‌హబ్‌కి బహిరంగ లేఖ రాశారు. ప్రతి బగ్ కింద ‘ప్లస్ వన్’, ‘ప్లస్ వన్’ (నాదీ ఇదే మాట) అన్న వ్యాఖ్యలు వందలుగా పడి అసలు విషయం మునిగిపోతోందన్నది అందులో ఒక ఫిర్యాదు. మార్చిలో గిట్‌హబ్ వ్యాఖ్యలకి ఎమోజీ బొటనవేలు పెట్టే సౌకర్యం ఇచ్చింది. ప్లస్ వన్‌ల వరద చాలావరకు తగ్గింది. ఎవరికీ నీతులు చెప్పాల్సిన పని పడలేదు, కాలవకి దారి చూపించారు, అంతే. చర్చకి తాళం వేయడం, వ్యాఖ్యని దాచేయడం, ఒక రోజుపాటు పాతవాళ్ళు మాత్రమే రాసేలా కట్టడి చేయడం, ఇవన్నీ ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. తాళం వేయడాన్ని మనవాళ్ళు ఓటమిగా చూస్తారు, నోరు నొక్కేశారంటారేమోనని జంకుతారు. నిజానికి వేడెక్కిన చర్చకి ఒక రాత్రి విరామమిస్తే, తెల్లారి ఉగ్గాని, బజ్జీ తిన్నాక అదే వ్యాఖ్య సగం చిన్నదిగా కనిపిస్తుంది.

రాసిపెట్టుకోవడం ఇంకా మేలైన పని. పైథాన్ ఎందుకు ఎంచుకున్నారో ఒకసారి పది వాక్యాల్లో రాసి పెడితే, పదిహేనోసారి అడిగినవాడికి లింకు ఇచ్చి ఊరుకోవచ్చు. నిజంగా తెలుసుకోవాలనుకునేవాడు చదువుకుంటాడు. గిల్లడానికి వచ్చినవాడికి లింకుతో గొడవ పెట్టుకోవడం కష్టం. చిన్న విషయాల మీద పెద్ద చర్చలు రావడానికీ ఇదే మందు. 1999లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో, కాసేపు ఆగమని చెప్పే ‘స్లీప్’ అనే ఆజ్ఞకి సెకనులో భిన్నాలు కూడా ఇవ్వొచ్చా అన్న దాని మీద పెద్ద రభస జరిగింది. అక్కడి డెవలపర్ పౌల్-హెనింగ్ కాంప్ విసిగిపోయి, బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1957లో చెప్పిన సైకిల్ షెడ్డు సంగతి గుర్తుచేశాడు. అణు విద్యుత్ కేంద్రం అర్థం కాదు కాబట్టి కమిటీ చటుక్కున ఒప్పేసుకుంటుంది, సైకిల్ షెడ్డు అందరికీ అర్థమవుతుంది కాబట్టి దాని దగ్గర అందరూ నోరు చేసుకుంటారు. కడప, అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫెస్ట్ నడిపిన ఎవరికైనా ఇది చెప్పనక్కర్లేదు. బడ్జెట్ అయిదు నిమిషాల్లో తేలిపోతుంది, టీషర్ట్ రంగు దగ్గర రెండు రోజులు పడుతుంది.

సీమ ఊళ్ళలో పదిమంది కూర్చునే చోటుని రచ్చకట్ట అంటారు. తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే పేజీకీ రచ్చబండ అనే పేరు. ‘రచ్చ’ అంటే సభ, నలుగురూ చేరే చోటు. ఇప్పుడు ‘రచ్చ చేశాడు’ అంటే అల్లరి చేశాడని. ఆన్‌లైన్ చర్చలు రావడానికి ఎంతో ముందే భాష ఈ రెంటినీ ఒకే మాటలో కట్టేసింది.

హద్దు దాటి చంపుతామనో, ఇంటికొస్తామనో బెదిరిస్తే అది ట్రోలింగ్ కాదు, నేరం. స్టెన్‌బర్గ్‌కే 2021లో చంపుతానన్న మెయిల్ వచ్చింది. మన దగ్గర ఇలాంటప్పుడు చాలామంది ఐటీ చట్టం 66ఏ సెక్షన్ పేరెత్తుతారు. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. బెదిరింపులకి ఇప్పుడు వర్తించేది భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్. వ్యాఖ్యని తొలగించే ముందు లింకుతో, తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. కోపంలో ముందు డిలీట్ కొట్టి తర్వాత పోలీసుల దగ్గరికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

కర్నూలాయన శనివారం రాత్రి ఇంకా మిగిలే ఉంది. మూడో ఆయన పద్నాలుగో ప్రశ్న కింద లింకు ఒకటి పెట్టి చర్చకి తాళం వేశాడు, అరనిమిషం. బ్రోకి ఒక దారి చెప్పాడు: ‘ప్రస్తుతానికి ఆ మాట ముందు ఎంటర్ కొట్టి వరుస మార్చు తమ్ముడూ, రివ్యూ గట్టెక్కుతుంది. మిగతా నేను చూస్తా.’ మూడు నిమిషాలు. మొదటాయనకి ‘212 సంగతి సరిగ్గా చెప్పారు, థ్యాంక్స్. చెత్త అన్నమాట లేకపోయినా నాకు అర్థమయ్యేది’ అని రాసి, కోడ్ తెరిచాడు. పదకొండున్నరకి ‘స్త్రీ’ విరగడం ఆగింది. వరుస చివర ‘రాష్ట్రం’ పెట్టి చూశాడు, బాగానే ఉంది. ‘జ్యోత్స్న’ మాత్రం ఇంకా విరుగుతోంది.